గురువారం ట్రామ్‌లో ఖాళీ సీట్లు

రియో, కొండ మీద చివరి స్టాపు,
మార్చి 3

ట్రామ్ ఆఫీసు పెద్దమనిషి గారికి ఎర్మెలిందా చెప్పి రాయించేది,

నీళ్ళ ట్యాంకు నుంచి అడవి అంచు దాకా పట్టాల మీద మీ వాళ్ళు సున్నంతో గీతలు గీసి పోయారు. ఎందుకయ్యా అంటే, "పట్టాలు పీకేస్తాం అవ్వా, అటు ఎవరూ పోరుగా" అన్నారు. ఎవరూ పోకపోతే నేనెవరిని? ఆ ముక్క మీదికి వారానికి ఒక్క ట్రామే వస్తుంది, గురువారం. అది వస్తే నా అలమారలో పింగాణీ పళ్ళేలు గలగలమంటాయి. మా ఆయన అదాల్బెర్తో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ బండిలో కండక్టరు. ఆయన పోయి పదకొండేళ్ళు. ఇప్పుడు నా ఇంట్లో చప్పుడంటూ ఉంటే ఆ పళ్ళేలదే. పట్టాలు ముట్టుకోకండి.

వేలిముద్ర వేసినది,
ఎర్మెలిందా

తా.క. రాస్తున్నది మందుల షాపు ఒనోఫ్రెని. మాటలన్నీ ఆమెవే. మూడు తిట్లు మాత్రం వదిలేశాను.

మార్చి 12

గౌరవనీయులైన దోనా ఎర్మెలిందా గారికి,

ట్రామ్ వల్ల మీ పింగాణీ సామాను అదురుతున్నదన్న ఫిర్యాదు అందింది. చింతిస్తున్నాము. పట్టాలు తొలగించగానే మీ ఇబ్బంది తీరిపోతుంది. నాలుగేళ్ళుగా ఆ మార్గంలో ఒక్క టికెట్ కూడా తెగలేదు. కనుక మీ కోసం ఆ పని ముందుకు జరిపాము.

భవదీయుడు,
వాల్దెమీర్ పెసాన్యా, మార్గాల తనిఖీ అధికారి

తా.క. ఈలోగా పళ్ళేల కింద గుడ్డ పరచి చూడగలరు.

మార్చి 18

ఏమయ్యా వాల్దెమీరూ,

ఆ గుడ్డ నీ నోట్లో కుక్కుకో. ఈ ముక్క రాయనని ఒనోఫ్రె మొండికేస్తే, రాసేదాకా దుకాణంలోనే నిలబడ్డాను. పళ్ళేలు అదరడం నాకు ఇబ్బందని నీకెవరు చెప్పారు? ఒక ఏడాది బండి పాడై రాకపోతే, ఆ పళ్ళేలను చూసి ఏడ్చేదాన్ని. ఎవరూ ఎక్కరా? బట్టలుతికే జాసీరా, చేపల జెర్వాజియో, నేను, కొండంతా గురువారం ఆ బండి మీదే ఉంటుంది. కళ్ళు వెంట తెచ్చుకుని రా.

ఎదురుచూస్తూ,
ఎర్మెలిందా

తా.క. ఒనోఫ్రెని. నా మీద నమ్మకం లేక, దీన్ని చర్చి ఫాదరు గారి చేత చదివించుకుని మరీ వేలిముద్ర వేసింది. పాపం ఫాదరు గారు.

ఏప్రిల్ 2

దోనా ఎర్మెలిందా గారికి,

గురువారం స్వయంగా వచ్చాను. ముప్ఫై రెండు సీట్లలో ప్రయాణికుడిని నేనొక్కడినే. బయట ఫుట్‌బోర్డు మీద కమ్మీలు పట్టుకుని చాలామంది ఉన్నమాట నిజమే. అయితే తాతల నాటి నుంచీ ఫుట్‌బోర్డు మీద నిలబడేవారికి టికెట్ లేదు. టికెట్ లేనివారు ప్రయాణికులు కారు. వారిలో ఒక వృద్ధురాలిని లోపల కూర్చోమని కోరగా, "నాకేం రోగమా? ఊరు చూడ్డానికొచ్చిన దొరసాన్నా?" అంటూ గొడుగుతో నా టోపీ ఎగరగొట్టింది. ఏప్రిల్ 20న పట్టాలు తొలగిస్తాము.

విధేయుడు,
వాల్దెమీర్ పెసాన్యా

తా.క. ఆ వృద్ధురాలు మీకు తెలిసి ఉంటే, టోపీ గురించి విచారించగలరు.

ఏప్రిల్ 6

వాల్దెమీరూ,

ఆమె నాకు బాగా తెలుసు. టోపీలో కోడి పొదుగుతోంది, ఇరవై రోజులు ఆగు.

లెక్కలోకి రావాలంటే కూర్చోవాలని ఇన్నేళ్ళుగా ఒక్కరూ చెప్పలేదు. కూర్చోవడం పైవాళ్ళకూ, కాళ్ళు లేనివాళ్ళకూ అనుకున్నాం. సరే. ఈ గురువారం మళ్ళీ రా. అందరం టికెట్ కొని కూర్చుంటాం. నాకు ఎనభై రెండేళ్ళు. ఆ బండిలో ఒక్కసారీ కూర్చోలేదు. అయినా కూర్చుంటాను.

మాట మీద నిలబడే మనిషి,
ఎర్మెలిందా

ఏప్రిల్ 14

దోనా ఎర్మెలిందా గారికి,

సీట్లన్నీ నిండాయి. నాకే చోటు లేక ఫుట్‌బోర్డు మీద ప్రయాణించాను. పట్టాల తొలగింపు రద్దయింది. ప్రజలకు కూర్చోవడమే ఇష్టమని రుజువైనందున, మే 1 నుంచి ఫుట్‌బోర్డు మీద నిలబడడం నిషేధించాము. ఇదంతా మీ విజయమే.

అభినందనలతో,
వాల్దెమీర్ పెసాన్యా

ఏప్రిల్ 19

నాయనా వాల్దెమీరూ,

పట్టాలు ఉంచినందుకు నీ కడుపు చల్లగా ఉండాలి. ఇక ఈ మాట ఒనోఫ్రె రాసి మరిచిపోవాలి, నువ్వు చదివి మరిచిపోవాలి.

ఆ గురువారం కూర్చున్నాను. మెత్తగానే ఉంది. ట్యాంకు దాటాక పెద్ద మలుపు వస్తుంది చూడు, నిలబడ్డవాళ్ళను బయటికి విసిరేస్తుంది. నా పంతొమ్మిదో ఏట అక్కడే నా కాలు జారింది. కొత్తగా చేరిన కండక్టరు ఒకడు నా వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టి కమ్మీ పట్టుకున్నాడు. అప్పట్లో బండి రోజూ వచ్చేది. మర్నాడు నేను జారకపోయినా పెట్టాడు. పెళ్ళయ్యాకా పెట్టాడు. ఉద్యోగం అయిపోయాక నా పక్కన నిలబడి మరీ పెట్టాడు. ఆయన పోయినా, ఆ మలుపులో నేను కాస్త వెనక్కి వాలతాను. గాలి తప్ప అక్కడ ఏమీ ఉండదు. అయినా పడను.

మొన్న కూర్చుంటే మలుపు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియనేలేదు. చూస్తే అడవి వచ్చేసింది.

నేను కొట్లాడింది ఇనుము కోసం కాదయ్యా. ప్రతి గురువారం టికెట్ కొంటాను, కూర్చున్నట్టే రాసుకో. నిలబడేది మాత్రం బయటే. పోలీసును పెట్టుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఉంటాను,
ఎర్మెలిందా

తా.క. మొన్న ఆ మలుపులో బయట నిలబడ్డది నువ్వొక్కడివే. నీ వెనక ఎవరు చెయ్యి పెట్టారో నాకు రాయి.