కింది రెప్ప లాగి చూడు

ప్రొద్దుటూరు, 12-8-1959

తొండూరులో ఉండే అమ్మకు మాబున్ని సలాములు. నేనూ, కడుపులో బిడ్డా బాగుండాము, దిగులుపడొద్దు.

ఆరో నెల పడిందని మొన్న అత్త నన్ను జమ్మలమడుగు ఆసుపత్రికి పిలుచుకపోయింది. నర్సమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసి, "రక్తం శానా తక్కువుంది, మాత్రలు మింగాల, మేక కార్జం, ఆకుకూర తినాల" అనింది. అత్త ఊరుకుంటాదా? "నేను ఏడుగుర్ని కన్నా. నా రెప్ప ఎవురు లాగి చూసినారు? నేను బాగలేనా? ఈ కాలం పిల్లోళ్లకు అన్నీ నఖరాలే" అనింది. నర్సమ్మ నవ్వి, అత్త రెప్ప గూడా లాగింది. రెప్ప లోపల మీ అల్లుడు ఏకిన దూది మాదిరి తెల్లగుండాది! నాకన్నా అధ్వానం.

ఎప్పుడూ అందరూ తిన్నాక మిగిలింది తినే అత్త, ఆ పొద్దు ఇంటికొచ్చి తానే రెండు తట్టల్లో సంగటి పెట్టి, "రాయే, మనం ముందు తిందాం" అనింది. ఇప్పుడు మాత్ర ఒకరు మింగితే ఇంకొకరు కాపలా. మీ అల్లుడు కుండ అడుగు గీరుకుంటాండాడు, పాపం.

ఎండబెట్టిన మునగాకు, బెల్లం ఇద్దరికీ సరిపడేట్టు పంపు. నల్లమేక ఈనిందా? తమ్ముండ్లకు దువాలు.

నాయనా, ఈ కార్డు అమ్మకు చదివి చెప్పేది నువ్వే కదా. ఇప్పుడే అమ్మను వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, కింది రెప్ప లాగి చూసి, ఏ రంగో రాయి. "నేను బాగుండా" అంటాది, నమ్మొద్దు. అత్త గూడా అట్లే అనింది.

మాబున్ని