కరెంటు కుర్చీ

అశోక్ నగర్

అత్తయ్యగారికి హారతి నమస్కారాలు.

మీకు ఫోన్ చేస్తే మీ అబ్బాయి చైతన్య తీసి పెట్టేస్తున్నాడు. అందుకే ఈ ఉత్తరం మన పనిమనిషి మంగ చేతికిచ్చి పంపుతున్నాను.

నేను చిక్కడపల్లి ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటున్నది అలిగి కాదు. మీరు ఆ కుర్చీలో కూర్చోవడం చూడలేక వచ్చేశాను.

నా పని మీకు తెలుసు. ల్యాబులో కణాలకు కొద్దిపాటి కరెంటు పెట్టి కొలుస్తాను. ఆరోగ్యంగా ఉన్న కణం పొరకు లోపలా బయటా విద్యుత్తులో గట్టి తేడా ఉంటుంది. క్యాన్సర్ కణంలో సాధారణంగా ఆ తేడా తగ్గిపోతుంది. రోగాన్ని ముందుగా పట్టుకోవడానికి ఇది పనికొస్తుందేమోనని చూస్తున్నాం, అంతే. భోజనాల దగ్గర నేను చెప్పిన ఆ ఒక్క మాట పట్టుకుని, ఆసుపత్రులకు యంత్రాలు అమ్మే మీ అబ్బాయి నారాయణగూడలో బోర్డు పెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టి, తగ్గిన కరెంటు ఒంట్లోకి నింపుతాడట, కణం బాగుపడుతుందట. నేను అడ్డం తిరిగితే, "నువ్వు కొలుస్తూ కూర్చో, నేను నయం చేస్తా" అన్నాడు.

ఎండాకాలంలో మీ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలింది. చిన్నదే, ఆపరేషన్‌తో పోతుందన్నారు. మీరేమో ఆసుపత్రి మానేసి కొడుకు దగ్గరికి వెళ్లారు. దసరా కూడా దాటిపోయింది. మీరు నన్ను నమ్మలేదన్నది నాకు మింగుడుపడటం లేదు. ఇప్పటికైనా ఆసుపత్రికి రండి. మీరు రాకపోతే నేను ఆ గడప తొక్కను.

మీ కోడలు
హారతి

చిక్కడపల్లి

అమ్మా హారతీ,

నిన్ను నమ్మకపోవడమేమిటి? ఆ కుర్చీ వల్ల ఏమీ కాదని నాకు ముందే తెలుసు. గడ్డ పెరగడం నా చేతికే తెలుస్తోంది. అయినా కూర్చున్నాను. వాడు పట్టిన పనల్లా చెడింది, ఇదొక్కటే నిలబడింది. సొంత తల్లే ఆసుపత్రికి పోతే ఇంకెవరొస్తారు? పోతే నేనొక్కదాన్నే పోతాను కదా అనుకున్నాను.

నిన్న నా పక్క కుర్చీలో ఆశమ్మ అని ఒకామె కూర్చుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కట్టుబడి పనుల్లో ఇటుకలు మోస్తుందట. ఆసుపత్రిలో కీమో సగంలో ఆపేసి వచ్చిందని తెలిసి, ఎందుకమ్మా అని అడిగాను.

"నిన్ను జూసే అమ్మా. సార్ సొంత తల్లే ఈడ కూసుంటున్నదంటే గిది నిజమే గద అనుకున్న."

లేచి, ఒంటికి అంటించిన తీగలు పీకేసుకుని, అక్కడున్న వాళ్లందరికీ చెప్పేశాను. నాకు నయం కాలేదు, గడ్డ పెద్దదైంది, మీరంతా ఆసుపత్రికి పొండి అన్నాను. చైతన్య తలుపు దగ్గరే ఉన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

"మా అమ్మకి మతి చలించింది, పట్టించుకోకండి" అన్నాడు.

చాలామంది వాడి మాటే నమ్మి మళ్లీ కూర్చున్నారు. ఆశమ్మ ఒక్కతే నా వెంట వచ్చింది.

ఇద్దరం ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. ఆమెకు కీమో మళ్లీ మొదలుపెడతామన్నారు. నాకు ఇవాళ స్కాన్ తీశారు. కాలేయం దాకా పాకిందట, ఇక ఆపరేషన్ చేసి లాభం లేదన్నారు. ఇన్నాళ్లూ ఎక్కడున్నారని డాక్టరమ్మ కోప్పడింది. మా అబ్బాయి దగ్గర అన్నాను.

నువ్వు ఈ గడప తొక్కొద్దు. మనిద్దరికీ ఎక్కడైనా ఒక గది కిరాయికి చూడు. వాడి మీద పోలీసు ఫిర్యాదు రాసి తీసుకురా. నీ పేరు వద్దు, మొగుడి మీద కక్ష అంటారు. సంతకం నేను పెడతాను. కన్నతల్లి పెట్టిందంటే వాళ్లు చదవకుండా పక్కన పడేయలేరు.

నీ అత్తయ్య
ఆదిలక్ష్మి