సాంచ చప్పుడు

2020 మే, ఆదివారం రాత్రి. భేస్తాన్

ఈ నెల బ్యాండ్‌విడ్త్ అయిపోవచ్చిందని హోస్టింగ్ వాళ్ల మెయిల్ వచ్చింది. హద్దు దాటితే నెలాఖరు దాకా మా చీరల సైటు కనిపించదట. భయపడాల్సింది పోయి మురిసిపోయాను. లాక్‌డౌన్‌లోనూ ఎవరెవరో మా చీరలు చూస్తున్నారని ఎంతసేపు కలలు కన్నానో!

తీరా చూస్తే చీరల ఫొటోల జోలికి ఎవరూ పోలేదు. డేటా అంతా మరమగ్గాల కార్ఖానాలో బాపు తన సాంచ మీద నేస్తున్న వీడియోకే పోయింది. దాన్ని తీసేయబోతుంటే బాపు వచ్చాడు.

"గా వీడియో తీసెయ్యకు బిడ్డా. కార్ఖానా బందైనకాంచి ఆ చప్పుడు లేక నిద్ర వడ్తలేదు. అది పెట్టుకునే పండుకుంటున్న."

"నీ ఫోన్‌ల ఎక్కిస్త గదా బాపూ."

"నాకు ఎక్కిస్తవు. ఊరికి పోయినోళ్లకు? నా పక్క సాంచ రాజేశంకు, అందరికి లింకు నేనే పంపిన. ఆళ్లకు గూడ నిద్ర లేదట."

ఇక తీయబుద్ధి కాలేదు. బొమ్మ తీసేసి చప్పుడు ఒక్కటే ఉంచాను. బరువు బాగా తగ్గింది, నెల గడుస్తుందేమో. కళ్లు మూసుకుని విన్నాను. బొమ్మ లేకపోతే కార్ఖానా ఇంకా పెద్దదిగా ఉంది. అన్ని సాంచలూ నడుస్తున్నాయి, అందరూ ఉన్నారు. పని లేక సొంతూళ్లకు పోయిన వాళ్లు మళ్లీ ఇక్కడికి వస్తారా అన్నది మాత్రం...

ఇప్పుడే బాపు నిద్రలో కేకేశాడు. "రాజేశం, నీ సాంచల పోగు తెగింది, సూడు!"

అక్కడ ఊళ్లో అదే చప్పుడు వింటూ పడుకున్న రాజేశం లేచి కూర్చుని ఉంటాడు.