మీరు పంపిన చక్రాల కుర్చీ

వదినగారికి,

మీరు పంపిన చక్రాల కుర్చీ అందింది. అత్తయ్యను మాత్రం అందులో కూర్చోబెట్టలేకపోయాను, కోప్పడకండి.

విరిగిన తుంటి అతికాక కూడా జాలికొద్దీ ఆవిడను మంచం దిగనివ్వలేదు కదా, అదే మన పొరపాటట. ముట్లు ఆగాక ఎముక ఎలాగూ గుల్లబారుతుందనీ, ఆవిడకున్న థైరాయిడ్ జబ్బు దాన్ని ఇంకా తినేస్తుందనీ, కదలకపోతే మరీ బలహీనమవుతుందనీ డాక్టరమ్మ నాకు చీవాట్లు పెట్టారు.

"విన్నావుగా, నా కత్తెర ఇలా తే" అన్నారు అత్తయ్య.

అప్పటినుంచి బల్ల దగ్గర నిలబడే జాకెట్లు కత్తిరిస్తున్నారు. మొదట్లో కాళ్లు వణికాయి. నేను పట్టుకోబోయేదాన్ని. ఆవిడ మాత్రం నా కుట్టుకు వంకలు పెడుతూనే ఉండేవారు.

మీ కుర్చీ వృథా కాలేదు. అందులో గుడ్డల మూటలు కూర్చోబెట్టి, వెనకనుంచి తోసుకుంటూ రోజూ మన కుట్టు కొట్టుకు నడిచి వెళుతున్నారు.

"మా అమ్మాయి నేను తొయ్యడానికే పంపింది" అని వీధంతా చెబుతున్నారు. ఆవిడ ఫోన్ చేస్తే మీరూ అదే మాట అనండి.

మీ మరదలు