గొడవైన రోజు నడవలేదు

జనవరి 27

ఈ రాత్రి నుంచి పాప అత్త దగ్గర పడుకుంటుంది. నా గదికి బయట గొళ్ళెం. పెట్టమన్నది నేనే. పెట్టాక ఏడ్చిందీ నేనే.

మొన్న రాత్రి సంగతి నాకేమీ గుర్తు లేదు. గుర్తున్నది మీరా హుస్సేన్ బాబాయికి. ఆయన కల్లం మా కల్లం పక్కనే. ఎండబెట్టిన మిరపకాయలకు కాపలా పడుకున్న మనిషి, మెలకువ వచ్చి చూస్తే డొంక మీద ఎవరో ఆడమనిషి పోతోందట. చంకలో పిల్ల. కాళ్ళకు చెప్పుల్లేవు. ఏమ్మా శ్రీరమ్యా, ఈ వేళప్పుడు ఎక్కడికే అని అడిగితే, రంగు వెలిసిన తాలుకాయలు ఏరాలి బాబాయ్ అని తాపీగా చెప్పానట. డొంక దాటితే హైవే. చిలకలూరిపేట మిల్లులకు పోయే పత్తి లారీలు ఎవరి కోసమూ ఆగవు. పాప నా భుజం మీద నిద్రపోతూనే ఉందట.

నన్ను కట్టుకున్న బావ మా కల్లంలోనే ఉన్నాడు. గురక పెడుతూ.

అంతకుముందు కూడా రెండుసార్లు నిద్రలో నడిచాను. ఒకసారి ఫ్రిజ్ తెరిచి దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నానని బావ వారం రోజులు ఏడిపించాడు. ఇప్పుడు ఏడిపించడం లేదు.

జనవరి 29

మేనత్తకు కోడలివైతే సుఖపడతావని మా నాన్న ఈ పెళ్ళి చేశాడు. ఆ మేనత్త నాంచారమ్మగారు నాకు గాలి సోకిందని తేల్చేసింది. తాయెత్తు కట్టిస్తుందట. కోటప్పకొండకు మొక్కుకుందట. నన్ను చూస్తే ఆవిడకు భయం. పాపను చూస్తే నాకు భయం.

నేను కోల్డ్ స్టోరేజ్‌లో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయో క్షణంలో చెప్తాను. నా కాళ్ళు రాత్రిళ్ళు ఎందుకు లేస్తున్నాయో కనుక్కోలేనా? రాత్రి అడుగులు లెక్కపెట్టడానికి తమ్ముడి పాత స్మార్ట్ వాచ్ తెప్పించుకున్నాను. ఎక్సెల్ షీట్ ఒకటి తెరిచాను. టీ, ఫోన్, రాత్రి తిండి, మిర్చి ఘాటు, పీరియడ్స్, గొడవ, నడక. గొడవ అంటే అత్తతో. అది లేకుండా ఈ ఇంటి డేటా పూర్తి కాదు.

కారణం దొరికితే పాప నా పక్కలోకి వస్తుంది. అంతే, ఇంకేం అక్కర్లేదు.

ఫిబ్రవరి 1

నడిచాను. గదిలోనే. అల్మారాలోంచి పాప గౌన్లన్నీ తీసి మంచం మీద రంగుల వారీగా పేర్చాను. ఎర్రవి ఒక కుప్ప, వెలిసిపోయినవి ఒక కుప్ప. నిద్రలో కూడా మిరపకాయలు గ్రేడింగ్ చేసే బుద్ధి నాది.

ఫిబ్రవరి 3

బావ కల్లం మీరా హుస్సేన్ బాబాయికి అప్పగించి ఇంటికొచ్చి పడుకున్నాడు. తువ్వాలు ఒక కొస నా చేతికి, ఒక కొస తన చేతికి కట్టాడు. పొద్దున చూస్తే నా వైపు కొస మంచం కోడుకు కట్టి ఉంది. నేను కిటికీ దగ్గర నేల మీద ఉన్నాను. ముడి మాత్రం చాలా బాగా వేశావే అన్నాడు. వాడి మొహం మీద దిండు విసిరాను.

ఫిబ్రవరి 8

టీ మానేశాను. తలనొప్పి వచ్చింది, నడక పోలేదు. ఫోన్ హాల్లో పెట్టి పడుకున్నాను. నడిచాను. ఘాటేమోనని రెండు రోజులు లీవ్ పెట్టాను. నడిచాను. దగ్గు కాస్త తగ్గింది. సీజన్ మొదలైనప్పటి నుంచీ ఆ దగ్గు నన్ను పీక్కు తింటోంది. అప్పటి నుంచీ పడుకునే ముందు అత్త తాటిబెల్లం వేసి మిరియాల పాలు ఇస్తుంది. ఆ ఒక్క విషయంలో ఆవిడకు వంక పెట్టడానికి లేదు.

పాపకు పదకొండో నెల నడుస్తోంది. నేను ఉద్యోగానికి వెళ్ళడం మొదలయ్యాక డబ్బా పాలకు మారింది. ఇప్పుడు మంచం పట్టుకుని నిలబడుతోంది. పొద్దున నేను చేతులు చాపితే మొహం తిప్పుకుని అత్త మెడ వాటేసుకుంది. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఫిబ్రవరి 13

షీట్ అటూ ఇటూ సార్ట్ చేస్తుంటే కనబడింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

గొడవైన రోజు నడవలేదు. ఒక్కసారి కూడా.

బావకు చూపించాను. నవ్వాడు. అయితే రోజూ పోట్లాడుకోండి, మీకేమన్నా కొత్తా అన్నాడు.

ఫిబ్రవరి 14

ఎక్స్‌పెరిమెంట్. పప్పుచారులో ఉప్పు సరిగ్గానే ఉంది. కషాయంలా ఉందన్నాను. అత్త అందుకుంది. నీకు నాలికే లేదు, మీ వంశంలోనే లేదు అంది. మీ నాన్నకు లేదు, మీ తాతకు లేదు అంది. మా పుట్టింటిని తిట్టాలంటే ఆవిడ తన పుట్టింటినే తిట్టుకోవాలి. అయినా వెనక్కి తగ్గలేదు. మా తాత అంటే ఆవిడకు కన్నతండ్రి.

ఫిబ్రవరి 15

నడవలేదు. హాయిగా పడుకున్నాను.

ఫిబ్రవరి 17

నిన్న గొడవ కుదరలేదు. పులుసు బాగాలేదన్నాను. మనసు బాగాలేక అంటున్నావులే అమ్మా అని అత్త నా తల నిమిరింది. పాలు తాగి పడుకున్నాను. రాత్రి లేచి తలుపుకు గుద్దుకున్నాను. నుదుటి మీద బొప్పి.

గొళ్ళెం లేకపోతే ఎక్కడిదాకా పోయేదాన్నో.

ఫిబ్రవరి 20

డేటా మొత్తం పాడైంది. నిన్న గొడవ లేదు, నడకా లేదు. గొడవ ఎలా ఉంటుంది, అత్త ఇంట్లో ఉంటే కదా. వినుకొండలో పెళ్ళికి వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయింది. పాప బావ దగ్గర పడుకుంది.

అదే రోజు, రాత్రి 9

అన్నం తింటుంటే తట్టింది. చెయ్యి కడుక్కోకుండానే రాస్తున్నాను. అలిగిన రాత్రి నేను పాలు ముట్టను. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం మీద అలగడం నాకు రాదు కాబట్టి పాల మీద అలుగుతాను. గ్లాసు పొద్దుటిదాకా అలాగే ఉంటుంది. నిన్న అత్త లేదు, పాలూ లేవు.

షీట్‌లో పాల కాలమ్ లేదు. అత్త ఇచ్చే పాలకు కాలమ్ ఎవరు పెడతారు?

ఫిబ్రవరి 21

వంటింటి గుమ్మం పక్కన నిలబడి చూశాను. అత్త పాలు దించింది. మిరియాల పొడి వేసింది. బెల్లం వేసింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక బిళ్ళ తీసి, గరిటె వెనక పెట్టి నలిపింది.

ఏంటది అన్నాను. గరిటె కింద పడింది.

ఆవిడ నిద్రబిళ్ళ. మావయ్య పోయాక డాక్టరు రాసిచ్చింది. రాత్రంతా దగ్గి దగ్గి నువ్వు పొద్దున పనికి పోతుంటే నా కడుపు తరుక్కుపోయిందే, అందుకే సగం బిళ్ళ కలిపాను అంది. నేను పాపను ఎత్తుకుని రోడ్డెక్కాక, నిద్ర సరిపోక లేస్తున్నానని అనుకుందట. మొద్దునిద్ర పడితే కాళ్ళు లేవవు కదా అని పూర్తి బిళ్ళ చేసింది.

నా పిల్లను లారీల కిందకి పంపింది నువ్వే అన్నాను. అనేశాను. అత్త పొయ్యి పక్కనే కూలబడిపోయింది.

గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. చాలాసేపు కోపంతో అటూ ఇటూ తిరిగాను. ఆ తర్వాత ఏడుపు వచ్చింది గానీ అది కోపం ఏడుపు కాదు. నాకు పిచ్చి లేదు. గాలి లేదు. నా బుర్రకు ఏ జబ్బూ లేదు. ఒక బిళ్ళ, అంతే. గుండెల మీంచి మిర్చి బస్తా దించినట్టుంది.

ఫిబ్రవరి 24

గుంటూరులో డాక్టరమ్మకు షీట్ చూపించాం. ఇలాంటి బిళ్ళలతో కొందరు నిద్రలోనే లేచి నడుస్తారట, వంట కూడా చేస్తారట. ఇక ముట్టొద్దంది. రెండు వారాలు చూసి పాపను పక్కలో వేసుకోమంది. ఇంతకీ నీకు ఎవరిచ్చారు అని అడిగింది.

పక్క కుర్చీలో అత్త కొంగు నలుపుతోంది. నేనే తీసి వేసుకున్నానండీ అన్నాను. డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. కంప్యూటర్ నేర్చుకున్నావు గానీ బుద్ధి నేర్చుకోలేదంది. పడ్డాను.

బస్టాండులో అత్త నాకు బత్తాయి రసం ఇప్పించింది. ఐస్ వెయ్యొద్దు, పిల్లకి దగ్గు అని రసం బండివాడితో పోట్లాడింది.

ఫిబ్రవరి 26

శివరాత్రి. జాగారం. ఈ రాత్రి లెక్కలోకి రాదు.

మార్చి 5

ఒక్క రాత్రి కూడా లేవలేదు. ఇవాళ సాంబారులో ముల్లంగి గురించి గొడవైంది. ఎక్స్‌పెరిమెంట్ కాదు, అసలుదే. ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో.

అయినా రాత్రి అలగలేదు. అత్త ఇప్పుడు నన్ను వంటింట్లో నిలబెట్టి పాలు కాస్తోంది. ముందు ఒక గుక్క తను తాగి నాకు ఇస్తుంది. వద్దన్నా వినదు. తాగేదాకా నా మొహమే చూస్తూ ఉంటుంది. నిన్న గ్లాసు తీసుకుంటూ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేదుందా అని అడిగింది. లేదత్తా, బెల్లం ఎక్కువైంది అన్నాను.

మార్చి 10

గొడవ: ఉంది.

పాలు: తాగాను.

గొళ్ళెం: బావ పీకేశాడు.

నడక: ఉంది. పాప. అత్త మంచం వదిలేసి, నా మంచం దాకా.