అటు పేపరు, ఇటు పేపరు

జూన్ 3

గోడ లేచింది. ప్లైవుడ్ గోడ. ఊళ్లో ఉన్న రెండో పేపర్ని కూడా మా ఓనరే కొనేశాక, రెండూ ఒకరి చేతిలో ఉండాలంటే న్యూస్‌రూములు వేరుగా ఉండాలని ప్రెస్ కమిషన్ షరతు పెట్టింది. ఎవరి ఎడిటర్ వాళ్లకి, ఎవరి సబ్‌ఎడిటర్ వాళ్లకి, ఎవరి వార్త వాళ్లది. ఫ్యాన్ సరిగ్గా హాలు మధ్యలో ఉంది. దాన్ని కదపడం దండగని, గోడనే పైన మూరెడు తక్కువ కోయించారు. ఒకే ఫ్యాన్ రెండు పేపర్లకీ గాలి ఇస్తోంది.

అటు పేపరు ఎడిటర్ ఓనర్ గారి బావమరిది. పేపరు మీద ఆయన పేరు ఉండడమే తప్ప, మనిషి ఎప్పుడూ ఆఫీసుకి రాలేదు. అక్కడ సబ్‌ఎడిటర్ ఉన్నట్టు కనపడాలని కుర్చీ మీద ఒక స్వెటర్ వేసి ఉంచారు. అది నాది.

జూన్ 6

మధ్యాహ్నం దాకా ఇటు పేపరుకి రాస్తాను. టీ తాగి, వరండా చుట్టి అటు వెళ్లి, అదే వార్త మళ్లీ రాస్తాను. నాలుగో పేరా తెచ్చి మొదట పెడతాను. ఇటు ప్రజల హర్షం, అటు స్థానికుల సంతృప్తి. చెయ్యి తిరిగిపోయింది. బాధగా లేదు. ఏమీగా లేదు.

ఇదివరకు మా దాంట్లో తప్పు దొర్లితే మర్నాడు వాళ్లు బాక్స్ కట్టి మరీ వేసేవాళ్లు. వాళ్లది దొరికితే మేమూ ఊరుకునేవాళ్లం కాదు. అందుకే అప్పట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసేవాళ్లం.

జూన్ 7

అమ్మకి రెండు పేపర్లూ కావాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకదాంట్లో వస్తే ఇంకా తేలలేదంటుంది. రెండింట్లో వస్తే పెన్సిలుతో టిక్కు పెడుతుంది. ఈ మధ్య టిక్కులు బాగా ఎక్కువయ్యాయని సంతోషపడుతోంది. అటు పేపరు కూడా నేనే రాస్తానని ఆవిడకి తెలియదు. ఇంట్లో కూడా చెప్పకూడదని ఆఫీసులో సంతకం పెట్టించుకున్నారు. ఈ ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

జూన్ 11

నీళ్ల శాఖ నుంచి నోట్ వచ్చింది. మూసేసిన సినిమా హాలు గోడ పక్క కుళాయిలో నీళ్లు పరీక్షించారట, దివ్యంగా ఉన్నాయట. ఇటు రాశాను. టీ తాగాను. అటు రాశాను.

జూన్ 12

పేపర్లలో అంత బావున్నాయన్నారు కదా, ఆ నీళ్లే తెచ్చుకుందామని అమ్మ పొద్దున్నే బాటిల్ పట్టుకుని వెళ్లింది. ఖాళీ బాటిల్‌తో తిరిగొచ్చింది. అక్కడ గోడ తప్ప ఏమీ కనపడలేదు, ఏ వీధికి వెళ్లానో ఏమో, నాకు మతి పోతోందే అంది.

సాయంత్రం ఆరు

వచ్చేటప్పుడు ఆగి చూశాను. కుళాయి లేదు. హాలు మూసేసినప్పుడే పీకేసి, పైపు మూతికి సిమెంటు కొట్టారు. రోజూ నేను నడిచే దారే. చెయ్యి రాసేసింది, నేను చూడలేదు.

అక్కడ కుళాయి లేదమ్మా, పేపరు పొరబడింది అని చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. నీ పేపరు పొరబడిందే అనుకో, వాళ్లకేం వచ్చింది, మీ తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుక్కూర్చునే వాళ్లు చూడకుండా రాస్తారా అంది. నా మనసు బాధపడుతుందని అబద్ధం చెప్పకే అంది. నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు.

జూన్ 14

అమ్మ తన తాళంచెవి నాకిచ్చేసింది. దారి తప్పే మనిషికి తాళం ఎందుకే అంది.

జూన్ 17

సవరణ వేద్దామని మా ఎడిటర్ గారిని అడిగాను. ఎందులో వేద్దామమ్మా అన్నారు. ఒకదాంట్లో వేస్తే రెండోది అబద్ధమైపోతుంది. రెండింట్లో ఒకే రోజు వేస్తే ఇద్దరికీ ఒకేసారి ఎలా తెలిసిందని కమిషన్ అడుగుతుంది. ఎల్లుండి తనిఖీ ఉంది, కొంప ముంచకు తల్లీ అన్నారు. ఆయన చెప్పిందాంట్లో ఒక్క తప్పు కూడా నాకు దొరకలేదు.

జూన్ 19

కమిషన్ ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. టేపు పెట్టి గోడ కొలిచాడు, వేలితో తట్టాడు, తలుపు తాళం వేసి తీసి చూశాడు. నీ సీటు ఎక్కడమ్మా అంటే చూపించాను. అటువైపు సబ్‌ఎడిటర్ ఏరీ అంటే ఎడిటర్ గారు టీకి వెళ్లిందన్నారు. అప్పుడు నిజంగానే నా చేతిలో టీ కప్పు ఉంది.

నీ మీద ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను. నిజమే, ఎవరూ తేవడం లేదు. ఏం రాస్తున్నావని అడుగుతాడేమోనని చూశాను. ఫ్యాన్ గురించి అడిగాడు.

జూన్ 20

అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ తారీఖు అడిగింది, వారం అడిగింది, వెనక్కి లెక్కపెట్టమంది. అమ్మ అన్నీ గడగడా చెప్పింది. చివర్లో తనే కుళాయి సంగతి ఎత్తింది. డాక్టరు కలం ఆపి, అవును, నేనూ చదివాను, రెండింట్లోనూ వచ్చింది కదా అంది. వయసు కదమ్మా అని మాత్రలు రాసింది. నేను పక్కనే కూర్చున్నాను.

మందుల షాపు దగ్గర అమ్మ నా కొంగు పట్టుకుని నడిచింది. చిన్నప్పుడు నేను ఆవిడ కొంగు పట్టుకునేదాన్ని. చచ్చిపోవాలనిపించేంత సిగ్గేసింది. అది కూడా ఇంటికొచ్చేసరికి పోయింది.

జూన్ 21

టీ తాగి అటు వెళ్లాను. స్వెటర్ తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. ఎడిటర్ గారు ఇంటికి వెళ్లిపోయాక లోపలి పేజీలో నాలుగు లైన్లు పెట్టాను. సినిమా హాలు గోడ పక్కన కుళాయి లేదు, ఉన్నట్టు రాయడం మా పొరపాటు అని. ఇటు పేపర్లో ఏమీ పెట్టలేదు.

జూన్ 22

అమ్మ అటు పేపరు చదివింది. ఇటు పేపరు రెండుసార్లు తిరగేసింది. మళ్లీ అటుది చదివింది. ఎవరి మాట నమ్మాలే అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తాళంచెవి ఇలా ఇవ్వు, నేనే వెళ్లి చూసొస్తానంది.

ఆఫీసు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యలేదు. అమ్మ తిరిగొచ్చి, మాత్రలు తీసి చెత్తబుట్టలో పడేసి, వంకాయలు తరగడానికి కూర్చుంది. అక్కడ కుళాయి లేదు. ఆవిడ మతికి ఏమీ కాలేదు. నా ఉద్యోగం ఉందో లేదో తెలియదు.

జూన్ 30

కమిషన్ ఆర్డర్ వచ్చింది. రెండు పేపర్లూ స్వతంత్రంగా పనిచేస్తున్నాయట. ఒకదాంట్లో వచ్చి రెండోదాంట్లో రాని నా నాలుగు లైన్లే సాక్ష్యమట. ఎడిటర్ గారు పిలిచి, నెలకొకటి అలాంటిది వెయ్యమన్నారు.

జూలై 1

ఆర్డర్ వార్త రెండింట్లోనూ వచ్చింది. అమ్మ రెండూ చదివింది. టిక్కు పెట్టలేదు. మీ ఆఫీసు ఏ వీధిలోనే అని అడిగి, చెప్పులేసుకుంది.