నువ్విచ్చిన మందుల పెట్టె

మా నర్సమ్మకు మామయ్య దీవెనలు.

కారులో పెట్టుకోమని నువ్విచ్చిన మందుల పెట్టె ఏమైందని అడిగావు. నేనే తీసేశాను తల్లీ. డాష్‌బోర్డులో నా సువార్త కరపత్రాలకు చోటు చాల్లేదు. పైగా, "దూదినీ బ్యాండేజీనీ నమ్ముకున్నవాడు దేవుణ్ణేం నమ్ముతాడు!" అని సభలో పేరెత్తకుండా నిన్నే ఏకిపారేశాను.

సోమవారం టైరు మారుస్తుంటే జాకీ జారి మీ అత్త అరచెయ్యి చీరుకుపోయింది. నేను గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాను.

"ప్రార్థన దారిలో చేద్దురుగానీ, ముందు గుడ్డ ఇవ్వండీ" అంది.

డిక్కీలో ఇంజను తుడిచే మసిగుడ్డే దొరికింది. దాంతోనే కట్టాను. ఇప్పుడు చీము పట్టి ఆసుపత్రిలో ఉంది. రెండు వేళ్లు దక్కేదీ లేనిదీ రేపు చెబుతారట.

పొద్దున ఆమె మంచం పక్కన బైబిలు తెరిచాను. దారిన పడి ఉన్నవాడి గాయాలు కట్టిన బాటసారి కథ ఇరవై ఏళ్లుగా అరిచి చెబుతున్నాను. గాయాల మీద పోసిన ఆ నూనె, ఆ ద్రాక్షారసం అతను ఇంటి దగ్గరే సర్దుకుని బయలుదేరాడని ఇవాళే తట్టింది.

అలాంటి పెట్టె ఇంకోటి సర్ది తీసుకురా. చిన్నదే చాలు. డాష్‌బోర్డు ఖాళీ చేశాను. శుభ్రమైన గుడ్డ మాత్రం అన్నిటికన్నా పైన పెట్టమంటోంది మీ అత్త.

మీ మామయ్య